ఇరవై ఎనిమిది వేల కూలీ ప్యాంటు

ప్రశ్న: మేడమ్, నాకు 32 ఏళ్లు. చెన్నై ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇల్లు పెరంబూరులో. పాతకాలపు పనివాళ్ల బట్టలంటే నాకు పిచ్చి. గని కూలీలు, రైల్వే వాళ్లు, నౌకాదళం వాళ్లు తొడిగిన జీన్స్, చొక్కాలు, కోట్లు. జపాన్‌లో ఒసాకా కంపెనీ ఒకటి 1944 నాటి అమెరికన్ జీన్స్‌ని దారంతో సహా అచ్చుగుద్దినట్టు మళ్లీ కుడుతోంది. 14 ఔన్సుల డెనిమ్. పోస్టేజీ, సుంకం కలిపి ఇంటికి చేరేసరికి 28,000 రూపాయలవుతుంది. వాళ్లదే నీలం షాంబ్రే పనిచొక్కా 15,000. నా లెక్క ప్రకారం ప్యాంటు నాలుగేళ్లు వస్తే రోజుకు 20 రూపాయలు కూడా పడదు. మా తాతయ్య ఇక్కడి బి అండ్ సి (బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్) బట్టల మిల్లులో పనిచేశారు. ఆయన ఖాకీ నిక్కరు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది, ఒక్క కుట్టు ఊడలేదు. పాత బట్టలో ఉన్న సత్తా ఇప్పటి బట్టలో లేదనడానికి అదే రుజువు కదా! మా ఆవిడ మాత్రం టి.నగర్‌లో ఇలాంటిదే 2,000కు వస్తుందంటోంది. నాన్నగారైతే “కూలీల బట్టలకు ఇంత డబ్బా?” అని రెండు రోజులు మాట్లాడలేదు. కొనొచ్చా? – పేరు వద్దు, పెరంబూరు

జవాబు: ప్యాంటు వద్దు. చొక్కా సంగతి ఆలోచిద్దాం. ఇంత తొందరగా తేల్చేసిందేమిటి అనుకోకండి. ఎక్స్‌పోర్ట్ గార్మెంట్ కంపెనీల్లో బట్ట తనిఖీ చేసి బతికినదాన్ని, మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ ప్యాంటు తిరగేసి చూసినట్టే అనిపించింది.

ముందు ఆ నిక్కరు సంగతి చూద్దాం. మీ వాదనంతా దాని మీదే నిలబడింది. బి అండ్ సి మిల్లు ఖాకీ డ్రిల్లు అల్లాటప్పా బట్ట కాదు, పట్టాళానికీ పోలీసులకీ వెళ్లిన బట్ట. 1918లో పుట్టిన మద్రాస్ లేబర్ యూనియన్ ఆ మిల్లు కార్మికుల చుట్టూనే పుట్టింది. అక్కడ పనిచేసిన మనిషికి మంచి డ్రిల్లేదో, నాసిరకమేదో చేత్తో ముట్టుకుంటే తెలిసిపోయేది. కాబట్టి తాతయ్య నిక్కరు బట్ట గట్టిదే, దాన్ని నేను కాదనను. అయితే ఆయన రోజూ డ్యూటీకి తొడుక్కెళ్లిన నిక్కర్లు ఏమయ్యాయో నాన్నగారిని అడగండి. సీటు మీద ఒక మాసిక, దాని మీద ఇంకో మాసిక పడి, ఆ తర్వాత రేషను సంచీ అయి, చివరికి సైకిలు తుడిచే గుడ్డయి ఉంటాయి. ట్రంకుపెట్టెలో ఉన్నది దాచుకున్నది కాబట్టి మిగిలింది. అమెరికాలోనూ ఇదే కథ. 2022లో న్యూ మెక్సికోలో వేలానికొచ్చి 76,000 డాలర్లు పలికిన 1880ల నాటి లీవైస్ ప్యాంటు పాడుబడ్డ గనిలో దొరికింది. ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్న పాత జీన్స్‌లో చాలా వరకు ఇలా గనుల్లో చిక్కుకున్నవో, కొట్లో అమ్ముడుపోక అటకెక్కినవో. వాటిని చూసి ఆ కాలపు బట్టంతా అంతే అనుకుంటే, చిరిగి చింపిరైపోయిన లక్షల ప్యాంట్లు లెక్కలోకి రానట్టే.

అయినా జపాన్ వాళ్ల పని ఉత్తుత్తిది కాదు. డబ్బు ఎక్కడికి పోతుందో చెబుతాను.

చీర అంచు, పంచె అంచు మనకు కొత్త కాదు. పేక దారాన్ని మోసే నాడె (షటిల్) ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి, దారం తెగకుండానే తిరిగొస్తుంది. పేక అక్కడ మడతపడి అంచు తనంతట తానే కట్టుకుపోతుంది. ఆ జీన్స్ కాలు పైకి మడిస్తే కనిపించే తెల్లటి పట్టీ, దాని మధ్య ఎర్రదారం ఆ అంచే. వాళ్లు దాన్నే సెల్వెడ్జ్ అని గొప్పగా చెప్పుకుంటారు. పాత నాడె మగ్గాల మీద డెనిమ్ 28 నుంచి 32 అంగుళాల పన్నాలోనే వస్తుంది. ఇప్పటి మగ్గాల పన్నా దానికి రెట్టింపు, వేగం ఎన్నో రెట్లు. చిన్న పన్నా కాబట్టి ఒక్క ప్యాంటుకే మూడు గజాల దాకా పడుతుంది. ఆ మగ్గాలకు కొత్త విడిభాగాలు రావు, వాటిని నడిపించేవాళ్లూ తగ్గిపోయారు. అమెరికాలో 1905 నుంచి నడిచిన కోన్ మిల్స్ వాళ్ల వైట్ ఓక్ మిల్లు, నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో, 2017 చివర మూతపడింది. లీవైస్‌కి దశాబ్దాల పాటు బట్ట ఇచ్చిన మిల్లు అది. ఇప్పుడు ఈ రకం బట్టకు పేరంతా జపాన్‌లోని ఒకాయామా, హిరోషిమా ప్రాంతాల మిల్లులదే.

ధరలో ఒక పెద్ద వాటా ఇదే, నిజమైన ఖర్చే. కానీ అంచు ఉన్నంత మాత్రాన బట్ట గట్టిపడదు బాబూ. గట్టిదనం నూలు నుంచి, పడుగు పేకల ఒత్తు నుంచి వస్తుంది. అంచున్న పల్చటి బట్టా చూశాను, అంచు లేని మొండి బట్టా చూశాను.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. మా ఫ్యాక్టరీల్లో బట్ట తనిఖీకి నాలుగు పాయింట్ల పద్ధతి అని ఒకటుంటుంది. థాను లైటు బల్ల మీద పరుచుకుంటూ పోతుంటే ఎక్కడ నూలు లావెక్కినా, ముడి కనిపించినా, దాని పొడవును బట్టి ఒకటి నుంచి నాలుగు పాయింట్లు వేస్తాం. పాయింట్లు హద్దు దాటితే థాను వెనక్కి. ఈ నకలు జీన్స్ కంపెనీలు అదే లావు సన్నాల నూలును కావాలని వడికిస్తాయి. పాత రోజుల్లో మిల్లు సూపర్‌వైజర్ తిట్టి పక్కన పడేసిన లోపాన్ని ఇప్పుడు యంత్రానికి నేర్పించి, దానికి అదనంగా పుచ్చుకుంటున్నారు. చూడ్డానికి బాగుంటుందా అంటే బాగుంటుంది. రంగు వెలిసేటప్పుడు నిలువు గీతలుగా దిగి అందమొస్తుంది. కాకపోతే దీన్ని నాణ్యత అంటే మాత్రం నా చెయ్యి పాయింట్ల కాగితం మీదకే పోతుంది.

రంగు విషయంలో వాళ్లకు నూటికి నూరు మార్కులు. పడుగు నూలును తాళ్లుగా పేని నీలిమందు తొట్టెలో ముంచుతారు. పైకి తీసినప్పుడు పచ్చగా ఉంటుంది, గాలి తగిలాక నీలమవుతుంది. మళ్లీ ముంచుతారు, మళ్లీ గాలికి ఆరేస్తారు. ఇలా ఎన్నిసార్లు ముంచినా రంగు నూలు పైపొరలోనే ఉండిపోతుంది, లోపలి దూది తెల్లగానే ఉంటుంది. తొడిగే మనిషి నడకను బట్టి మోకాలి దగ్గర, తొడ మీద పైపొర అరిగి తెలుపు బయటికి రావడం అందుకే. టి.నగర్ ప్యాంటు ముందే ఫ్యాక్టరీలో రాళ్లతోనో, ఎంజైములతోనో అరగదీసి వస్తుంది. అంటే మీరు కొనేసరికే దాని ఆయుష్షు కొంత తీరిపోయి ఉంటుంది. పైగా సాగడానికి ఎలాస్టేన్ కలుపుతారు. మన ఎండకూ ఉతుకుడుకూ ఆ సాగుడు రెండు మూడేళ్లలో నీరసపడి మోకాళ్ల దగ్గర సంచీలా వేలాడుతుంది. మీ ఆవిడ చెప్పిన 2,000 ప్యాంటు, మీరు చూసిన ప్యాంటు ఒకటి కావు. ఆవిడ ఆ మాట ఒప్పుకోవాలి.

ఇప్పుడు మీరు ఒప్పుకోవాల్సినది. మీరు ఎంచుకున్నది 1944 మోడల్. రెండో ప్రపంచ యుద్ధంలో ముడిసరుకు ఆదా చేయమని అమెరికా ప్రభుత్వం బట్టల కంపెనీలకు హద్దులు గీసింది. దాంతో లీవైస్ వాళ్లు గడియారం జేబు మీద రివెట్లు, అంటే మూలలు చిరగకుండా కొట్టే లోహపు బొడిపెలు, తీసేశారు. నడుము వెనక బిగించుకునే పట్టీ తీసేశారు. వెనక జేబుల మీద దారంతో కుట్టే వంపు గీతకు బదులు పెయింటుతో గీత గీశారు. జేబు లోపలి గుడ్డ ఏది దొరికితే అది వేశారు. యుద్ధకాలపు పిసినారితనమంతా పోగుచేసిన ప్యాంటది! ఆ పిసినారితనాన్ని ఇవాళ ఎంతో శ్రద్ధగా, పెయింటు గీతతో సహా తిరిగి చేసి అమ్ముతున్నారు. ఆ చరిత్ర మీకు ఇష్టమైతే ఆ ఇష్టానికి నేను అడ్డురాను, నాక్కూడా అది చదవడం ఇష్టమే. కానీ ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ గట్టిదనం వస్తుందన్న మీ నమ్మకాన్ని ఆ ప్యాంటే కొట్టిపారేస్తోంది.

దారం కూడా చూడండి. పాతవాటి మీద ఉన్నది నూలు దారం కాబట్టి నకలు కుట్టేవాళ్లలో నిష్ఠ గలవాళ్లు నూలు దారమే వాడతారు. ఇప్పటి జీన్స్‌లో పాలిస్టర్ పోగు మీద నూలు చుట్టిన దారం ఉంటుంది. బలంలో రెండోదే మేలు. నూలు దారం చెమటకూ ఉతుకుకూ ముందు పుచ్చిపోతుంది. కాళ్ల మధ్య కుట్టు, వెనక జేబు మూల, నడుంపట్టీ లూపులు, ఈ మూడు చోట్లా మొదట తెగుతుంది. మీ 28,000 ప్యాంటును మన వీధి చివర టైలర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన రోజు 2,000 ప్యాంటు కన్నా ముందే రావచ్చు. నకలు ఎంత నిఖార్సయితే అంత మన్నికని లెక్కేయకండి, కొన్నిచోట్ల అవి రెండూ ఎదురెదురు దారుల్లో పోతాయి.

ఇక చెన్నై. 14 ఔన్సులంటే చదరపు గజానికి 14 ఔన్సుల బట్ట, చదరపు మీటరుకు దాదాపు 475 గ్రాములు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అది తొడుక్కుని పెరంబూరు నుంచి ఓఎంఆర్‌కి వెళ్లి వస్తారా? ఆఫీసులో ఏసీ ఉంటుంది సరే, దారిలో ఉండదు కదా. ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానలు మొదలయ్యాక ఉతికితే రెండు రోజులకూ నడుంపట్టీ ఆరదు. తడి తడిగా బీరువాలో పెడితే బూజు. ఉతక్కుండా నెలల తరబడి తొడిగితేనే మడతలు బాగా వెలుస్తాయని ఈ పిచ్చి ఉన్నవాళ్లు చెబుతుంటారు. ఒకాయామా చలికాలంలో అది చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెమట ఉప్పు నూలును కొరికేస్తుంది, పక్కన కూర్చున్నవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. కొత్తల్లో నీలం కూడా దిగుతుంది. తెల్ల సోఫా ఉందా ఇంట్లో?

మీ లెక్కకు వద్దాం. 28,000ని నాలుగేళ్ల 1,460 రోజులతో భాగిస్తే 19 రూపాయల చిల్లర. నాలుగేళ్లూ ప్రతిరోజూ అదే ప్యాంటు తొడిగే మనిషి చెన్నైలో ఎవరూ నాకు కనిపించలేదు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, ఊరికి పోయినప్పుడు, ఏసీ హాల్లో పెళ్లిళ్లు, అన్నీ కలిపి ఏడాదికి 60 సార్లు తొడిగారనుకుందాం. నాలుగేళ్లకు 240. తొడిగినప్పుడల్లా 117 రూపాయలు. టి.నగర్ ప్యాంటు వారానికి రెండుసార్లు చొప్పున రెండేళ్లు వస్తే సారికి 10 రూపాయలు. ఇలాంటి భాగహారాలు మనం కొనాలని ముందే నిర్ణయించుకుని, తర్వాత మనసుకు నచ్చజెప్పుకోవడానికి చేసేవి. ఆ ధర గిట్టుబాటు కోసం కాదనీ సరదా కోసమనీ ఇంట్లో చెప్పండి. నిజం చెబితే గొడవ సగం తగ్గుతుంది.

మరి 28,000లో నాణ్యత ఎంత? నా తూకంలో, ఎలాస్టేన్ కలపని, ముందే అరగదీయని, నిఖార్సు నూలు డెనిమ్, మంచి కుట్టు, గట్టి జేబు గుడ్డ, ఇవన్నీ పది వేల లోపు దొరుకుతాయి. మన దేశపు మిల్లుల్లోనే నాడె మగ్గం డెనిమ్ వస్తోంది, అహ్మదాబాద్ అర్వింద్ వాళ్లది సహా. అక్కడి నుంచి పైకి పోయేదంతా చరిత్ర పట్ల నిష్ఠకు, తక్కువ సంఖ్యలో కుట్టడానికి, సముద్రం దాటడానికి. 11 నుంచి 12 ఔన్సుల మధ్య తీసుకోండి, చెన్నైలో అదే ఎక్కువ. షాపులో కెమెరాకు కనిపించే వైపు చూడకండి, తిరగేయండి. కాళ్ల లోపలి కుట్టులో రెండంచులూ ఒకదానిలో ఒకటి మడతపడి దాక్కున్నాయా, లేక ఓవర్‌లాక్ దారాలు వేలాడుతున్నాయా? జేబు గుడ్డను వేళ్ల మధ్య నలపండి, గంజి పొడి రాలితే పెట్టేయండి. కాజా చుట్టూ దారం దట్టంగా ఉందో లేదో చూడండి. నడుంపట్టీ లూపు రెండు కొసల్లోనూ బార్‌టాక్, అంటే ఊడకుండా వేసే దట్టమైన అడ్డకుట్టు, నొక్కి చూడండి. బళ్ళారి నుంచి వచ్చే కొన్ని ప్యాంట్లు ఈ పరీక్షలో పెద్ద బ్రాండ్ల చెవులు పిండుతాయి.

నాన్నగారి మాటకు రెండు ముక్కలు. కూలీల బట్టలన్నది చరిత్రగా నూటికి నూరుపాళ్లూ నిజం. జేబు మూలలు చిరిగిపోతున్నాయని నెవాడాలోని రెనోలో జేకబ్ డేవిస్ అనే టైలర్ గుర్రపు సామాన్లకు వాడే రాగి రివెట్లు కొట్టాడు. మొదటి ప్యాంటు అడిగింది కట్టెలు కొట్టేవాడి భార్య. పేటెంటుకు డబ్బు చాలక బట్ట అమ్మిన లీవై స్ట్రాస్‌ని కలుపుకున్నాడు. 1873 మే 20న పేటెంటు వచ్చింది. తిండికి సరిపడా సంపాదించే మనిషి కొనగలిగేలా కుట్టిన బట్ట అది, ఇప్పుడు నెలజీతంలో పెద్ద ముక్క మింగుతోంది. పెద్దాయనకు కష్టమనిపించడంలో తప్పేముంది? తన తండ్రి గతిలేక తొడిగిన రకాన్ని కొడుకు ముచ్చటపడి కొనుక్కుంటున్నాడు. ఆ ట్రంకుపెట్టె తెరిచి ఆ నిక్కరు గురించి ఆయన చేతే చెప్పించండి. ఇంట్లో మౌనం వదలడానికి నా జవాబు కన్నా అదే బాగా పనిచేస్తుంది.

అయితే చొక్కా. షాంబ్రే అంటే ఏదో అనుకోకండి, పడుగు నీలం, పేక తెలుపు, సాదా నేత. అమెరికా నౌకాదళం వాళ్లు పనిలో తొడిగింది ఇదే. నాలుగైదు ఔన్సులు మించదు, గాలి ఆడుతుంది, ఒక్క రాత్రిలో ఆరుతుంది, ఏడాదిలో ఎనిమిది నెలలు చెన్నైలో తొడగొచ్చు. పాత పనిచొక్కాల ముచ్చటంతా కుట్టులో ఉంటుంది. భుజాల దగ్గర, పక్కల మూడు వరసల గొలుసు కుట్టు, పక్క చీలిక పైన చిరగకుండా వేసే చిన్న ముక్కోణపు గుడ్డ, చంకల కింద గాలికి కుట్టిన కన్నాలు. ప్యాంటు మీద పెయింటు గీతను బెల్టు కింద ఎవరూ చూడరు గానీ, ఇవి మీకూ కనిపిస్తాయి, పక్కవాళ్లకూ కనిపిస్తాయి. 15,000లో నాణ్యత నాలుగైదు వేలు, మిగతాది సరదా. ఈ సరదాకు నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే అది బీరువాలో మగ్గదు.

కాకపోతే దానికన్నా ముందు ఒక పని చేయండి. బట్టల కొట్లుండే గోడౌన్ స్ట్రీట్‌కు వెళ్లి రెండున్నర మీటర్ల షాంబ్రే తీసుకోండి. చేనేత కావాలంటే మంగళగిరి మగ్గానికి ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఫొటో చూపించి టైలర్ చేత ఆ ముక్కోణపు గుడ్డతో సహా కుట్టించండి. మూడు సూదుల మిషను ఆయన దగ్గర ఉండదు, రెండు వరసల మామూలు కుట్టు చాలు. 1990ల్లో రఫ్ అండ్ టఫ్ పేరుతో బట్ట, జిప్పు, రివెట్లు ఒకే ప్యాకెట్‌లో పెట్టి అమ్మితే వీధి టైలర్లే జీన్స్ కుట్టిచ్చారు, నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. ఈ చొక్కాకు బట్టా కుట్టుకూలీ కలిపి 2,500 దాటదు. మూడు నెలలు తొడిగాక కూడా ఒసాకా చొక్కా మీదే మనసుంటే అప్పుడు ఆర్డరు పెట్టండి.

పెట్టేటప్పుడు ఒకటి అడగండి: బట్ట శాన్‌ఫొరైజ్ చేసిందా (ఉతికితే కుదించుకుపోకుండా మిల్లులోనే ముందుగా కుదించిందా), లేదా? చేయని బట్ట మొదటి ఉతుకులో నూటికి ఏడు నుంచి పది దాకా పొట్టి అవుతుంది, పొడవులోనే ఎక్కువ. సైజు చార్టులో ఇచ్చిన కొలతలు ఉతకకముందువో, ఉతికాకవో కూడా రాసిచ్చేలా చూడండి. ఇంటికి రాగానే చేతులు కత్తిరించి సరిచేయించకండి. గోరువెచ్చటి నీళ్లలో గంట నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, మళ్లీ ఇంకోసారి అలాగే చేసి, అప్పుడు కొలిచి టైలర్ దగ్గరికి వెళ్లండి.